ఆకులు రాలుతున్నాయి, ఛార్టు దించకండి

డబ్లిన్‌లో పెరిగే తెలుగు పిల్లలకి అక్షరం ముక్క రాకపోతే అది తల్లిదండ్రుల నిర్లక్ష్యమేనని దేశం నుంచి వచ్చిన చుట్టాలు తేలిగ్గా అనేస్తుంటారు. ఇంతకంటే అన్యాయం లేదు. నిర్లక్ష్యం చేసిన ఇళ్ళల్లో పిల్లలు వంటింట్లో కాళ్ళకి అడ్డం పడుతూనే నాలుగు శబ్దాలు పట్టేస్తారు. 'క' అంటే చాలు, కాకరకాయ అని కేకేస్తారు. అక్షరం పేరెత్తగానే సోఫా వెనక దాక్కునే పిల్లలు ఉండేది శ్రద్ధ తీసుకున్న ఇళ్ళల్లోనే. అంత శ్రద్ధ అందరికీ చేతకాదు. అందుకని బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనూ, చుట్టుపక్కల ఓంగార్, టిరెల్స్‌టౌన్, క్లాన్‌సిల్లా వైపూ కొత్తగా కాపురం పెట్టినవాళ్ళ కోసం, బడి తెరిచింది మొదలు వేసవి సెలవుల దాకా ఏ కాలంలో ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో చెబుతాను. పాటిస్తే ఫలితం ఖాయం.

ముందు ఛార్టు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎవరు వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో చుట్ట చుట్టించి తెప్పించండి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఋ అంటే ఋషి, ఒ అంటే ఒంటె అని బొమ్మలుండాలి. లామినేషన్ చేయించి ఫ్రిజ్ పక్కన మీ కంటి ఎత్తులో అతికించండి. నాలుగేళ్ళ పిల్లకి అందే ఎత్తులో చివరి వరస మాత్రమే ఉంటుంది, అక్కడ 'ళ' కనిపిస్తుంది. తెలుగులో ఏ మాటా 'ళ'తో మొదలవదు కాబట్టి మొదటి పరిచయానికి అంతకంటే మంచి అక్షరం దొరకదు.

ఆవు గురించి ఒక హెచ్చరిక. ఊరు దాటి నావన్ వెళ్ళే రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే రెండు పక్కలా ఆవులే. కారు ఆపి 'ఆ...' అని మీరు నోరు తెరిస్తే పిల్ల కూడా తెరుస్తుంది. ఆపకండి, ఆవు ఛార్టులో ఉంది కదా. ఏనుగు సంగతీ అంతే. ఫీనిక్స్ పార్కులో డబ్లిన్ జూ ఉంది. 1831లో తెరిచారు. అందులో ఆసియా ఏనుగుల చోటుకి కాజీరంగా ఫారెస్ట్ ట్రెయిల్ అని మన అస్సాం అడవి పేరే పెట్టుకున్నారు. వెళ్ళండి, తప్పులేదు. కాని అక్కడ నిలబడి 'లుక్, ఎలిఫెంట్' అనండి. 'ఏ' సంగతి ఇంటికొచ్చి ఛార్టు ముందు చూసుకోవచ్చు.

ఇక వరస. ఐర్లండ్‌లో ఆరేళ్ళు నిండితే గాని చదువు తప్పనిసరి కాదు, అయినా చాలామంది పిల్లలు నాలుగైదేళ్ళకే జూనియర్ ఇన్‌ఫాంట్స్‌లో చేరిపోతారు. చేరిన కొద్ది వారాలకే మీ అమ్మాయి ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ శబ్దాలు పట్టుకుని ఇంటికొస్తుంది. ఏబీసీడీ వరస గాలికి పోయిందని కంగారు పడకండి. ఇక్కడి బడుల్లో బాగా వాడే జాలీ ఫోనిక్స్‌లో మొదటి గుంపు అదే. సూ లాయిడ్, సారా వర్న్‌హామ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ టీచర్లు తయారుచేసిన పద్ధతి. 1992లో పుస్తకంగా వచ్చింది, మొత్తం 42 శబ్దాలు. ఆ ఆరూ రాగానే శాట్, పిన్, ట్యాప్, నిప్ అని బోలెడు మాటలు తయారవుతాయి, పిల్లకి చదవడం వచ్చేసినట్టే అనిపిస్తుంది. తెలుగులోనూ ఈ కిటుకు పనిచేస్తుంది. త, ల, వ, క, ప, ఈ ఐదు చాలు. తల, వల, కల, పలక అని కూడబలుక్కుంటూ చదివేస్తుంది. సరిగ్గా అందుకే ఆ దారి తొక్కకండి. అ నుంచి మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా రండి. ఋ దగ్గర నిలబడండి, ౠ దగ్గర ఇంకాసేపు నిలబడండి. ఌ, ౡ లతో మొదలయ్యే మాట మీకే తెలియదన్నది పిల్లకి తెలియనివ్వకండి.

గడువు కూడా పెట్టుకోండి. యాభై ఆరు అక్షరాలు క్రిస్మస్ లోపల, గుణింతాలు ఉగాది లోపల. సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ మీడియం పిల్లల్ని పరిశీలించి 2007లో ఒక వ్యాసం రాశారు. ఇలాంటి లిపుల్లో అక్షరాలన్నీ పట్టుబడడం నెమ్మది మీద జరిగే పని అని, నాలుగో తరగతిలో కూడా అది సాగుతూనే ఉంటుందని ఆవిడ చూపించారు. అది రోజంతా కన్నడం వినే పిల్లల సంగతి. మీ అమ్మాయి వారానికి రెండు గంటలు తెలుగు వింటుంది కాబట్టి ఇంకా తొందరగా రావాలి.

స్కూలు శబ్దాలని ఇంటి గుమ్మం దాటనివ్వకండి. బడిలో టీచరు 'ఎస్' అనదు, బుస కొట్టినట్టు 'స్‌స్‌స్' అంటూ చేత్తో పాము మెలికలు తిప్పుతుంది. పిల్ల ఇంటికొచ్చి అదే మెలిక తిప్పి 'పాము... ప!' అని తనంతట తాను కనిపెడుతుంది. ఒకే పాము బడిలో ఒక శబ్దంతో, ఇంట్లో ఇంకో శబ్దంతో మొదలవుతుందని ఐదేళ్ళకే పట్టేసిందంటే చెవి బాగా పనిచేస్తున్నట్టు. వెంటనే సరిదిద్దండి. 'పాము కాదమ్మా, స్నేక్ అను. టీచర్ కన్‌ఫ్యూజ్ అవుతుంది.' టీచర్ ఎలా కన్‌ఫ్యూజ్ అవుతుందో పిల్ల అడగదు.

చప్పట్లు కూడా మానేయండి. కా-కి రెండు చప్పట్లు, పి-చ్చు-క మూడు చప్పట్లు. నోట్లో ఎన్ని ముక్కలో కాగితం మీదా అన్నే ముక్కలు. ఈ సదుపాయం ఇంగ్లీషుకి లేదు, వాళ్ళు శబ్దానికొక అక్షరం వెతుక్కుంటూ నానా అవస్థ పడతారు. మనకున్న సుఖం పిల్లకి తెలిస్తే చదువంటే భయం పోతుంది. భయం పోతే భక్తి కూడా పోతుంది.

ఆగస్టు నుంచి అక్టోబరు

ఐరిష్ లెక్కలో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మూడూ ఆకులు రాలే కాలం. నవంబరు ఒకటికల్లా చలికాలం వచ్చేసినట్టే. ఈ మూడు నెలలూ చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రోడ్డు మీద ప్రతిదీ అక్షరం నేర్పడానికి తయారుగా ఉంటుంది.

బడి నుంచి నడిచి వస్తుంటే హార్స్ చెస్ట్‌నట్ చెట్టు కింద పిల్ల ఆగిపోతుంది. గడ్డిలో పచ్చటి కాయ, ఒంటినిండా ముళ్ళు. బూటు మడమతో నొక్కితే మూడు చీలికలుగా విచ్చుకుంటుంది. లోపల తెల్లటి మెత్తటి పొర, దానిమీద తడితడిగా మెరుస్తూ ముదురు గోధుమరంగు గింజ. ఇక్కడి పిల్లలు కాంకర్ అంటారు, దారం కట్టి ఒకదాన్నొకటి కొట్టి పగలగొట్టే ఆట ఆడతారు. పిల్ల దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతుంది. 'నున్నగా ఉందమ్మా' అంటుంది. ఇదీ ప్రమాద క్షణం. నున్నగా, న. ముల్లు, మ. గింజ, గ. కాయ, క. కాంకర్ కూడా కాతోనే. ఒక్క గింజలో ఇన్ని ఉన్నాయని మీ నోట వచ్చిందంటే రేపటి నుంచి రోజూ జేబు నిండా తెస్తుంది, గింజకో శబ్దం చెప్పమంటుంది. కాబట్టి 'ఛీ, కింద పడేయ్, చేతులు శానిటైజ్ చేసుకో' అనండి. గుర్తుంచుకోండి, తినేది కాదు అని చెప్పడం వరకు మీరు పూర్తిగా కరెక్టే. ఆ గింజ మనుషులకి విషం. మిగతాదానికి కూడా ఆ కారణమే వాడుకోవచ్చు.

రాలిన ఆకుల విషయం ఇంకా సులభం. 'ఆ, ఆకు' అంటూ ఎర్రవీ పసుపువీ ఏరి పుస్తకంలో పెట్టే తల్లులున్నారు. ఎర్రాకు ఎ దగ్గర పెట్టాలా, ఆ దగ్గర పెట్టాలా అని పిల్లలతో తగాదా కూడా పెట్టుకుంటారు. వానకి తడిసిన ఆకు మీద కాలు జారుతుందని చెప్పి ఆ గొడవ మొదట్లోనే తుంచేయండి.

సరిగ్గా ఇదే సమయంలో బతుకమ్మ వస్తుంది. కరీంనగర్ వాళ్ళకైనా కాకినాడ వాళ్ళకైనా డబ్లిన్‌లో బతుకమ్మ అందరిదీ. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు. సూపర్‌మార్కెట్ చేమంతులు, పక్కింటివాళ్ళ పెరట్లోని హైడ్రేంజియాలు, ఎక్కడో సంపాదించిన నాలుగు బంతిపూలతో పేర్చుకుంటారు. పూలని రంగుల వారీగా కాక మొదటి శబ్దం వారీగా వేరు చేయమని పిల్లకి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చేమంతి చ వైపు, బంతి బ వైపు, గులాబి గ వైపు. రానివ్వకండి కూడా.

అసలు ముప్పు తొమ్మిది రోజుల పేర్లలో ఉంది. ఎవరో చిన్నపిల్లల టీచరు కూర్చుని రాసినట్టే ఉంటాయి. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఎ ఒకటి, అ మూడుసార్లు, మ, న, వే, వె, చివర స. అ మర్చిపోతుందేమోనని ఐదో రోజూ ఆరో రోజూ వరసగా మళ్ళీ వస్తుంది. 'వే' నేర్చుకున్న మర్నాడే 'వె' వస్తుంది, అంటే గుణింతం ఎలా మారుతుందో కూడా చెప్పేశారు. పైగా చాలా రోజులకి తినేది తోడు. అటుకులు నోట్లో వేసుకుని 'అ' అన్న పిల్లకి దాన్ని మరిపించడం కష్టం. ఆరో రోజు అమ్మవారు అలిగింది, ఇవాళ నైవేద్యం లేదు అంటే, అలక అంటే ఏమిటో బాగా తెలిసిన ఐదేళ్ళ పిల్ల 'నేనూ అలిగా' అని మూతి బిగించుకుని కూర్చుంటుంది. మూతి బిగించి 'అ' అనలేరు కాబట్టి మళ్ళీ తెరుస్తుంది.

దీనికి నా దగ్గర తిరుగులేని విరుగుడు ఉంది. తొమ్మిది రోజుల్ని ఒక శనివారానికి కుదించండి. కమ్యూనిటీ హాల్ బుక్ చేసి, డీజే పెట్టి, పిల్లకి పట్టు పావడా వేసి, పూల దగ్గరికి వెళ్ళకు ఫోటో పాడవుతుంది అని చెప్పండి. అటుకుల రోజు ఎప్పుడు వచ్చిపోయిందో మీకే తెలియకుండా పోతుంది.

దెయ్యాల పండగ

అక్టోబరు 31. ఈ పండగకి పుట్టిల్లు ఐర్లండే. పాత కెల్టిక్ పండగ సావిన్ నుంచి వచ్చి, వలస వెళ్ళినవాళ్ళతో అమెరికా చేరి, ప్లాస్టిక్ అస్థిపంజరంగా తిరిగొచ్చింది. బడులకి ఆ వారం సెలవు. సాయంత్రం ఆరు కాకముందే మీ తలుపు ముందు పిల్లల గుంపు.

ఇంతగా అక్షరాలు నేర్పే పండగ ప్రపంచంలో ఇంకొకటి లేదని నాకు గట్టి అనుమానం. దెయ్యం, ద. గబ్బిలం, గ. గుడ్లగూబ, గు. సాలీడు, స. పుర్రె, ప. ఎముక, ఎ. మంత్రగత్తె, మ. నల్లపిల్లి, న. ఛార్టులోని ఔషధం, ఋషి, ఒంటె ముందు ఇవి నిలబెట్టి ఏది కావాలో పిల్లని అడగండి. అడక్కండి. ఊరికే మాటకన్నాను.

ఇళ్ళల్లో సామాన్యంగా జరిగేది ఇలా ఉంటుంది.

'అమ్మా, దెయ్యం ద-నా?'

'సాయంత్రం పూట ఆ మాటేమిటమ్మా. ఘోస్ట్ అను.'

'ఘోస్ట్ ఘ-నా?'

'కాదు, జి. జీ ఫర్ ఘోస్ట్. నీ డ్రెస్ ఏదీ?'

ఇంత చిన్న సంభాషణలో ఎన్ని పనులు పూర్తయ్యాయో గమనించండి. ద పోయింది. ఘ దానంతట అదే వచ్చి తలుపు తట్టింది, అదీ పోయింది. పిల్లకి డ్రెస్ గుర్తొచ్చింది. తెలుగు అమ్మలకి దెయ్యం పేరు ఇంట్లో పలకడం అశుభం, కాని దెయ్యం బట్ట తొడిగి నలభై ఇళ్ళకి పంపడం శుభమే. ఈ సున్నితమైన నమ్మకాన్ని కాపాడుకోండి.

బార్మ్‌బ్రాక్ అని ఎండుద్రాక్ష వేసిన రొట్టె ఒకటి దుకాణాల్లోకి వస్తుంది. లోపల ఎక్కడో ఒక ఉంగరం దాచి ఉంటుంది, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఏడాదిలో పెళ్ళి అని నమ్మకం. కొయ్యండి. కోస్తున్నప్పుడు 'ఉ... ఉ... ఉంగరం ఎక్కడ?' అని మాత్రం ఊరించకండి. పిల్ల ఊపిరి బిగబట్టి ప్రతి ముక్కకీ ముందు 'ఉ' అంటుంది, రొట్టె అయిపోయేసరికి ఆ అచ్చు జన్మలో మరవదు. ఎండుద్రాక్ష ఏరి పారేయడం మీద ఆమె దృష్టి మళ్ళించండి.

గుమ్మడికాయ చెక్కుతారు కదా. చెక్కండి. లోపలి గుజ్జు, గింజలు, గుమ్మడి, మూడూ గతోనే మొదలైతే మొదలయ్యాయి. చేతులు జిగటగా ఉన్నప్పుడు ఎవరూ అక్షరాల మాట ఎత్తరు, ఆ ధైర్యం నాకుంది.

చీకటి నెలలు

డిసెంబరులో నాలుగున్నర కాకుండానే సూర్యుడు పోతాడు. బడి వదిలిన కాసేపటికే చీకటి. చలి, చీకటి, చందమామ, మూడు చ లు ఒకేసారి కిటికీలో నుంచి చూడొచ్చు. కర్టెన్లు వేసేయండి.

కిటికీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఇక్కడి ఇళ్ళ సంగతి మీకు తెలుసు. అన్నం వండినా, బట్టలు రేడియేటర్ మీద ఆరేసినా అద్దాలన్నీ ఆవిరి పడతాయి. పిల్ల కుర్చీ ఎక్కి వేలితో 'క' రాస్తుంది. వేలు నడిచిన చోట అద్దం నల్లగా తేలి, అవతల వీధిదీపం కనిపిస్తుంది. తలకట్టు పెట్టేలోపే అక్షరం అడుగు నుంచి ఒక నీటిచుక్క బయల్దేరి వంకరగా జారుతుంది, 'క'కి తోక మొలిచి 'కు' లాగా తయారవుతుంది. పిల్ల పకపకా నవ్వి 'కు! కు!' అని ఇల్లంతా పిలుస్తుంది. కొమ్ము పెడితే శబ్దం మారుతుందని చెప్పడానికి మీరు ఉగాది దాకా గడువు పెట్టుకున్నారు, నీటిచుక్క ఆ పని అరక్షణంలో చేసేసింది. క్రమశిక్షణ ఉన్న ఇంట్లో ఇలాంటివి జరగకూడదు. డీహ్యుమిడిఫయర్ కొనండి.

చలిగాలికి బడిలో ఎవరో తలుపు తీసి పెడితే టీచరు 'దూన్ అన్ దొరస్' అని కేకేస్తుంది. తలుపు వేయమని ఐరిష్‌లో. జూనియర్ ఇన్‌ఫాంట్స్ నుంచే పిల్లలకి ఐరిష్ ఉంటుంది. 'ఆ భాష వచ్చి ఏం ఒరుగుతుంది' అని మీరు ఇప్పటికే అని ఉంటారు, మంచి పని చేశారు. ఎందుకంటే ఆ దూన్‌లో, దొరస్‌లో ఉన్నది దోసెలో ఉన్న ద. నాలుక పళ్ళకి తగిలించి పలికే అచ్చమైన ద. డబ్లిన్ ఇంగ్లీషులోనూ అంతే, చాలామంది 'థింగ్' అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికొచ్చి మన 'త' వినిపిస్తుంది, 'టిన్' అన్నప్పుడు వెనక్కి పోతుంది. త, ట ల తేడా ఇంగ్లీషు పిల్లల చెవికి ఎక్కదని లోకమంతా వాపోతుంటే, బ్లాంచర్డ్స్‌టౌన్ పిల్ల అది ప్లేగ్రౌండ్‌లోనే నేర్చుకుని వస్తోంది. తాత, టాటా రెండూ స్పష్టంగా అనగలదు. ఈ లాభం వాడుకున్నారంటే సగం హల్లుల కష్టం తీరిపోతుంది. అందుకని పిల్ల 'త్రీ' అనగానే 'అలా కాదు, యూట్యూబ్‌లో అమెరికన్ ఆంటీ ఎలా చెప్పిందీ?' అని సరిదిద్దుతూ ఉండండి.

సాయంత్రం ఎం50 మీద వానలో ఇరుక్కున్నప్పుడు అంత్యాక్షరి ఆడే కుటుంబాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయని విన్నాను. చివరి అక్షరం పట్టుకుని కొత్త పాట అందుకోవడం అంటే మొదటి శబ్దం వెతకడమే కదా. పాటలు రాని పిల్లలైతే మాటలతో ఆడేస్తున్నారట. వాన, నక్క, కప్ప, పడవ, వడ. వడ దగ్గర ఆకలేసి ఆట ఆగిపోతుందట. వెనక సీటుకి టాబ్లెట్ హోల్డర్ దొరుకుతుంది, బిగించండి.

సివిక్ సెంటర్‌లోని బ్లాంచర్డ్స్‌టౌన్ లైబ్రరీకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. 2019 నుంచి ఐర్లండ్ లైబ్రరీల్లో ఆలస్యానికి జరిమానా లేదు. బొమ్మల పుస్తకం తెచ్చి, ఇంగ్లీషు అక్షరాలు వదిలేసి బొమ్మలకి తెలుగు మాటలు చెప్పుకుంటూ నెలల తరబడి ఉంచుకోవచ్చునన్నమాట. గడువు ఉన్నట్టే నటించి వారంలో తిరిగి ఇచ్చేయండి.

సంక్రాంతి గురించి ఎక్కువ చెప్పను. రేగిపళ్ళు దొరకవు, భోగిపళ్ళలో చాక్లెట్లు పోస్తారు, ముగ్గు వేస్తే వానకి కొట్టుకుపోతుంది. అక్షరాలకి చోటు లేకుండా ఆ పండగ తన జాగ్రత్త తాను చూసుకుంటోంది.

ఫిబ్రవరి అంటే వసంతమట

మంచు కరగకముందే ఫిబ్రవరి ఒకటిని వసంతం అనేస్తారు ఇక్కడ. సెయింట్ బ్రిజిడ్ రోజు. 2023 నుంచి దాని పేరున ఫిబ్రవరి మొదట్లో ఒక సోమవారం సెలవు కూడా ఇస్తున్నారు. పిల్లలు జమ్ము లాంటి రెల్లుతో శిలువలు అల్లి తెస్తారు. మన వసంత పంచమి ఒక్కో ఏడాది దీని పక్కనే వచ్చి కూర్చుంటుంది. అక్షరాభ్యాసానికి బాసర దాకా వెళ్ళొచ్చే వాళ్ళున్నారు. గోదావరి ఒడ్డున, అమ్మవారి ఎదుట, పళ్ళెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టుకుని రాయిస్తారు. అంత దూరం వెళ్ళి వచ్చాక ఇంట్లో మళ్ళీ బియ్యం పళ్ళెం తీయడం అపచారం. పైగా బాస్మతి పొడుగ్గా ఉండి గీత సరిగ్గా నిలవదు, బొంబాయి రవ్వ అయితే నిలుస్తుంది. ఆ రవ్వ ఉప్మాకి ఉంచండి.

ఉగాది ఒక్కటే నన్ను భయపెడుతుంది. పచ్చడిలో వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం. వ, బ, చ, మ, ఉ, క. జాలీ ఫోనిక్స్ మొదటి గుంపులో ఆరు శబ్దాలుంటే మన గిన్నెలో ఆరు రుచులూ, రుచికొక శబ్దమూ. ఆరు చిన్న గిన్నెల్లో విడివిడిగా పెట్టి, కళ్ళు మూసి నాలుక మీద వేసి, 'ఇది దేనితో మొదలవుతుంది' అని అడిగితే పిల్ల 'బ!' అని అరిచి ఇంకోసారి పెట్టమంటుంది. వేప దగ్గర మొహం చిట్లించి 'వ్‌వ్‌వ' అంటుంది, అది మర్చిపోవడం మీకు కూడా కష్టమే. అన్నీ ముందే కలిపేసి, అసోసియేషన్ కార్యక్రమంలో ప్లాస్టిక్ కప్పులో ఇచ్చినప్పుడు ఫోటో తీసుకుని, పిల్ల కప్పు చెత్తబుట్టలో పడేయండి. వేపపువ్వు పిల్లలకి పడదని ఎలాగూ ఎవరో ఒకరు అంటారు.

వేసవి

జూన్ చివర ప్రైమరీ బడులు మూసేస్తారు. సూర్యుడు రాత్రి పదింటికి గాని దిగడు. ఈ రెండు నెలలూ రెండు రకాలుగా గడుస్తాయి. మీరు ఇండియా వెళ్ళడం ఒకటి. అది తేలిక. దిగిన రోజే చుట్టాల ముందు నిలబెట్టి 'ఏదీ, తాతయ్యకి అఆలు చెప్పు నాన్నా' అనండి. అంతే. తరవాత నెలంతా పిల్ల తెలుగు జోలికి రాదు.

రెండోది అమ్మమ్మ ఇక్కడికి రావడం. తొంభై రోజుల విజిటర్ వీసా మీద వస్తుంది. ఆవిడకి ఛార్టు అక్కర్లేదు, పద్ధతీ లేదు. మిలీనియం పార్కులో పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తూ కనబడ్డవన్నీ చెప్పుకుంటూ పోతుంది. కొంగ, కుక్క, కుర్రాడు, కుంటి కాకి. 'అమ్మమ్మా, అన్నీ కతోనేనా' అంటే 'కావాలంటే కందిపప్పు కూడా పెట్టుకో' అంటుంది. వంకాయ తరుగుతూ వ, బీరకాయ చెక్కుతూ బ. క్యారెట్ తెలుగు మాట కాదని కూడా ఆవిడకి తెలియదు, దాన్నీ కలిపేసుకుంటుంది. పార్కులో ఐరిష్ ముసలమ్మ పలకరిస్తే తెలుగులోనే సమాధానం చెబుతుంది, ఆవిడ తల ఊపుతుంది, పిల్ల ఇద్దరికీ మధ్య నిలబడి అర్థం చెప్పేస్తుంది.

సీరియల్ పెట్టి ఇవ్వండి. హెడ్‌ఫోన్స్ కొనివ్వండి. సాయంత్రం ఏడున్నరకి పిల్లని పడుకోబెట్టండి. పడుకోదు, బయట పట్టపగలులా ఉంటుంది, తొమ్మిదైనా కర్టెన్ సందులోంచి వెలుతురు మంచం మీద పడుతూనే ఉంటుంది. 'అమ్మమ్మా, కథ' అంటుంది. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెడుతుంది. దానికి మాత్రం ఇంకా మందు కనిపెట్టలేదు. వచ్చే ఏడాది వీసా ఫారం నింపే ముందు బాగా ఆలోచించుకోండి.